నక్షత్రం నొక్కి దాచినవాటి అప్పగింత

బస్టాండు ఎంక్వైరీ కౌంటర్లో ఉద్యోగం చేసి రిటైరై, ఇంట్లో ఎంక్వైరీ అత్తగా, బయట ఎంక్వైరీ మేడంగా పిలవబడుతూ, ప్రస్తుతం వృద్ధుల హోము రెండో అంతస్తులో లిఫ్టు పక్క గదిలో నివాసం ఉంటున్న నేను, ఎవరిచేతా రాయించుకోకుండా స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఏమనగా:

నా బుద్ధి నా దగ్గరే ఉంది, ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదు. కళ్ళకి అద్దాలున్నాయి. ఎడమ చెవి తనకిష్టమైనవే వింటోంది. నన్నెవరూ బెదిరించలేదు, బలవంతపెట్టలేదు, బుజ్జగించనూ లేదు. బుజ్జగించి ఉంటే కాస్త బాగుండేది గానీ ఆ ముచ్చట జరగలేదు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఇకముందు దీన్ని మార్చుకునే హక్కు నాకుంది, ఓపికే లేదు.

1. అమలు బాధ్యత.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత మా పాత వీధి మలుపులో జిరాక్స్ షాపు నడిపే ఆవిడకి అప్పగిస్తున్నాను. మా వాళ్ళలో ఒకరికిస్తే మిగతావాళ్ళకి అనుమానం, అందరికీ ఇస్తే తగాదా. పైగా ఆవిడ కాగితం ఏదైనా బోర్లా పెట్టి కాపీ తీస్తుందే తప్ప చదవదు. ఈ ఒక్కటి మాత్రం చదవాలి, గట్టిగా, మా తమ్ముడు, మరదలు, మేనల్లుడు, మేనకోడలు నలుగురూ ఎదురుగా ఉండగా. చదివే చోటు ఆవిడ షాపే. మా తమ్ముడి ఇంట్లో వద్దు. అక్కడ టీవీ ఆపరు.

2. ఆస్తి వివరం.

ఇల్లు నాది కాదు, తమ్ముడిది. కాబట్టి దాని ఊసు లేదు. బ్యాంకులో ఉన్న కాస్తా నన్ను సాగనంపడానికి సరిపోతుంది. మిగిలితే ఈ హోము వంటావిడకి ఇవ్వండి. నాకు ఉప్పు తగ్గించాలని ఒక్కసారి చెప్తే గుర్తుపెట్టుకున్న మనిషి ఆవిడ.

నా అసలు ఆస్తి నా కంప్యూటర్లో బ్రౌజరుంది కదా, దానిలో నక్షత్రం గుర్తు నొక్కి దాచుకున్న చిరునామాలు. బుక్‌మార్కులు అంటారు. నవ్వుకోండి. కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ జనం అడిగినదానికి 'తెలియదు' అనడం నాకు చిన్నతనంగా ఉండేది. రిటైరయ్యాక జనం పోయి ఇంట్లోవాళ్ళు మిగిలారు. వాళ్ళకీ అడగడమే పని. 'అత్తా, ఇదేంటో చూడవా', 'వదినా, దీనికేం చెయ్యాలిట', 'అక్కా, డాక్టరు ఏదో అన్నాడు, కాస్త వెతికి పెట్టు'. వెతికేదాన్ని. నాలుగు పేజీలు చదివి, మూడు పనికిరానివని తేల్చుకుని, నాలుగోదానికి నక్షత్రం నొక్కి, ఎవరిది వాళ్ళ పేరున ఫోల్డర్లో వేసేదాన్ని. నేను చెప్పింది ఒక్కరూ చెయ్యలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదుగా. అదే మాట కిళ్ళీ కొట్టువాడు చెప్తే చేసేవాళ్ళు.

ఒక సంగతి ముందే చెప్తున్నాను, తరవాత నన్ను తిట్టుకోవద్దు. దాచింది చిరునామాలే, పేజీలు కాదు. అవతలివాళ్ళు పేజీ ఎత్తేస్తే మన నక్షత్రం గోడకి కొట్టిన మేకులా మిగిలిపోతుంది. అలాంటివి దొరికినంతమటుకు తీసేశాను.

3. అప్పగింత పద్ధతి.

మా కౌంటర్లో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగేవాళ్ళు ఆ పూట మారిన బస్సులు, రద్దయిన బస్సులు అన్నీ ఒక కాగితం మీద రాసి, ఎక్కేవాళ్ళ చేతిలో పెట్టాలి. ఎక్కేవాళ్ళు దాన్ని పైకి చదివి వినిపించాలి. వినిపించేదాకా దిగేవాళ్ళు కుర్చీలోంచి లేవకూడదు. చేతిలో పెట్టినంత మాత్రాన అప్పగించినట్టు కాదు. మడిచి జేబులో పెట్టుకునే ఘనులు చాలామంది ఉండేవాళ్ళు.

ఇక్కడా అదే పద్ధతి. నలుగురికీ నాలుగు పెన్‌డ్రైవులు రంగుదారాలు కట్టి జిరాక్స్ ఆవిడ దగ్గర ఉంచాను. ఎవరిది వాళ్ళు ఆవిడ కంప్యూటర్లో పెట్టి, తెరిచి, ఫోల్డరు పేరు, లోపలివాటి పేర్లు పైకి చదవాలి. చదివాకే వాళ్ళదైనట్టు. ఎవరి ఫోల్డరు వాళ్ళకే ఇవ్వడానికి ఆవిడా నేనూ పడ్డ పాట్లు మీకు తెలియవు. ఈ బ్రౌజరు ఎక్స్‌పోర్టు చేస్తే అన్నీ కలిపి ఒకే ఫైలుగా కుమ్మరిస్తుంది. ఒకరిది ఉంచి మిగతావి తీసేసి ఫైలు చేసుకోవడం, మళ్ళీ అన్నీ తెచ్చిపెట్టుకుని ఇంకొకరిది ఉంచడం. మధ్యలో గిరాకీ వస్తే ఆవిడ లేచి కాపీలు తీసి వచ్చేది. అయినా అలాగే చేశాం. మరదలి నిద్ర సంగతి మేనల్లుడికి అనవసరం.

4. మరదలికి, ఆకుపచ్చ దారం కట్టినది.

ఫోల్డరు పేరు 'మరదలి నిద్ర'. నిద్ర పట్టడం లేదని నువ్వు నాతో చెప్పింది ఒక్కసారే, కూరగాయలు తరుగుతూ. ఆ తరవాత మరిచిపోయావు. నేను మరవలేదు. పడుకోబోయే ముందు ఫోను చూడొద్దని, మధ్యాహ్నం తరవాత కాఫీ వద్దని చెప్తే 'వదినగారికి అన్నీ కంప్యూటర్లోనే కనిపిస్తాయి' అని మీ చెల్లెలితో అన్నావు. గోడలు పల్చన, నా కుడి చెవి బాగానే పనిచేస్తుంది.

ఫోల్డరుతోపాటు నా టేబుల్ ఫ్యాను కూడా ఈమెకే. ఒకే తీరున సాగే చప్పుడు పక్కన ఉంటే నిద్రపడుతుందని ఒక పేజీలో చదివి, దాన్ని మా ఇద్దరి గదుల మధ్య గోడకి ఆనించి తిప్పేదాన్ని. 'చలికాలం కూడా ఊరికే తిరుగుతోంది ఫ్యాను, ఎవరికోసమో' అని నువ్వు సణిగేదానివి. నీకోసమే. నేను వచ్చేశాక మళ్ళీ నిద్ర పట్టడం లేదని విన్నాను. తీసుకో.

5. మేనల్లుడికి, నల్ల దారం కట్టినది, నా కంప్యూటరు కూడా.

ఇంట్లో వీణ్ణి కంప్యూటర్ డాక్టరు అంటాం. చెయ్యి చురుకు, చెవి మొద్దు. నా పాత కంప్యూటరు మూలుగుతోందని కొత్తది తెచ్చాడు. ఆ మాట నిజం, మెచ్చుకోవాలి. 'నా బుక్‌మార్కులు వస్తాయా నాన్నా' అని అడిగాను. 'అన్నీ వాటంతటవే వచ్చేస్తాయత్తా, ఈ రోజుల్లో ఏదీ పోదు' అన్నాడు. అని, పాతదాన్ని ఆ పూటే ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గానీ, దాటకముందే తగలేసినవాణ్ణి వీణ్ణే చూశాను. నేను ఏ అకౌంటులోనూ చేరలేదు. నావన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. కొత్తదాన్ని తెరిస్తే పైన పట్టీ ఖాళీ. వాడు తల గోక్కుని, 'పోనీలే అత్తా, కావాలంటే మళ్ళీ వెతుక్కోవచ్చుగా' అన్నాడు.

కౌంటర్ అలవాటు కొద్దీ అప్పటికే నేను నెలకోసారి ఫైలు చేసి పెన్‌డ్రైవులో వేసుకునేదాన్ని. దాన్ని చూసి నవ్విందీ వీడే. నవ్విన నాపచేనే పండింది. మాట మాట్లాడకుండా పెన్‌డ్రైవు తెచ్చి చేతిలో పెట్టాను. మాట్లాడాల్సింది అనిపిస్తుంది ఇప్పుడు.

వీడి ఫోల్డరు పేరు 'వీడి వెన్ను'. రోజంతా కుర్చీలో ప్రశ్నార్థకంలా కూర్చుంటాడు. అందులో ఉన్న రెండో పేజీలోని ఆసనాలు చేస్తే చాలు, మిగతావి పట్టించుకోనక్కర్లేదు. నా కంప్యూటరు కూడా తీసుకో. ఇచ్చేసే ముందు, అది ఎవరిదైనా సరే, ఒక్కసారి అడుగు.

6. మేనకోడలికి, పసుపు దారం కట్టినది, మైకు కూడా.

ఫోల్డరు పేరు 'చిన్నదాని మాట'. నీ చిన్నప్పుడు క తోనో ప తోనో మాట మొదలుపెట్టాల్సి వస్తే నీ గొంతు తలుపు వేసుకునేది. బళ్ళో వెక్కిరిస్తున్నారని నా కౌంటరుకి వచ్చి, బల్ల కింద కూర్చునేదానివి. ఆ రోజుల్లో కంప్యూటరు లేదు. నాకు తోచింది ఒక్కటే. రద్దీ లేని సమయంలో మైకు నీకిచ్చి, బస్సులు పిలవమన్నాను. పాడినట్టు సాగదీసి చెప్తే నీకు నత్తి వచ్చేది కాదు. సూపరింటెండెంటు నా మీద కేకలేశాడు. ప్రయాణికులు మాత్రం ఆ పిల్లే చెప్పాలనేవాళ్ళు. తరవాత ఎన్నో ఏళ్ళకి ఒక పేజీలో, అది నిజంగానే ఒక పద్ధతి అని రాసి ఉంటే చదివి ఏడ్చాను. అదే ఈ ఫోల్డర్లో మొదటిది. నీ పాప ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తోంది. అవసరం రాకూడదనే కోరుకుంటాను, వస్తే వెతుక్కోనక్కర్లేదు.

రిటైరైన రోజున పాత మైకుని నాకిచ్చి పంపారు. అది పనిచెయ్యదు. నీకే.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నన్ను హోముకి దింపడానికి వచ్చి, 'ఇక్కడ వైఫై బాగుందత్తా' అన్నావు. ఇంకేదైనా అనాల్సింది.

7. ఇది పంపకం కాదు, వివరణ. అందరూ వినాలి.

కొత్త కంప్యూటర్లో నా ఫైలు తెచ్చిపెట్టేటప్పుడు మన కంప్యూటర్ డాక్టరు తొందరలో ఉన్నాడు. 'ఇకముందు పోకుండా అకౌంటు పెట్టేస్తా' అని, వాడికి నోటికి వచ్చిన వాళ్ళ నాన్న అకౌంటే నా బ్రౌజర్లో పెట్టి, సింక్ తిప్పి వెళ్ళిపోయాడు. ఇద్దరివీ కలిసిపోయాయి. నావి తమ్ముడి ఫోనులోకి, తమ్ముడివి నా కంప్యూటర్లోకి.

నాకప్పుడు అదంతా తెలియదు. పొద్దున కాఫీ తెచ్చుకుని తెరిచేసరికి పైపట్టీలో కొత్త ఫోల్డరు ఒకటి కనిపించింది. దాని పేరు 'అక్క'.

నేను అందరి పేరునా ఫోల్డర్లు పెట్టాను. నా పేరున పెట్టుకోవాలని ఎప్పుడూ తోచలేదు. నా పేరున కూడా ఒకటుంది, దాన్ని వేరొకరు పెట్టారు, ఎవరో నా కోసం ఏదో వెతికారు! నా ఎడమ చెవి కోసమా, మోకాళ్ళ కోసమా అనుకున్నాను. కాఫీ పక్కన పెట్టి, చీర కొంగుతో అద్దాలు తుడుచుకుని మరీ తెరిచాను.

అన్నీ వృద్ధుల హోములు. ఒక్కోదాని పక్కన తమ్ముడు రాసుకున్నాడు కూడా. 'దూరం'. 'భోజనం బాగుందట'. 'వెంటనే ఖాళీ ఉంది'. కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషి, అద్దం పవరు రాసుకున్నంత శ్రద్ధగా రాసుకున్నాడు. కాఫీ మీద మీగడ కట్టింది.

8. ఇదీ వివరణే.

వాడు చెప్తాడని ఎదురుచూశాను. 'అక్కా, ఇలా అనుకుంటున్నాం' అంటే నేను అరిచేదాన్ని, తరవాత సర్దుకునేదాన్ని. చెప్పలేదు. నా గదిలో కొలతలు తీసుకున్నారు. మేనల్లుడు ఇంటినుంచే పనిచెయ్యడానికి బల్ల పడుతుందా అని చూశారు. టేపు రెండో కొన పట్టుకుంది నేనే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను బ్రౌజరు తెరిచి కూర్చుని ఉండగా, నా కళ్ళెదుటే నా ఫోల్డర్లు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. మరదలి నిద్ర పోయింది. వీడి వెన్ను పోయింది. చిన్నదాని మాట పోయింది. తమ్ముడి కిడ్నీ రాళ్ళ ఫోల్డరు చివర్న పోయింది. మౌసు పట్టుకుని ఊరికే అటూ ఇటూ కదిపాను, ఏం చెయ్యాలో తోచక. 'అక్క' ఒక్కటే మిగిలింది.

భోజనాల దగ్గర అడగకుండానే వాడే చెప్పాడు. 'ఫోనులో ఎక్కడిదో చెత్త చేరింది, కూర్చుని అంతా పీకేశా. హాయిగా ఉంది ఇప్పుడు.' చెప్పి పెరుగు వేసుకున్నాడు. సింక్ అంటే దాచడం కాదని, ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుందని వాడికి తెలియదు, ఒప్పుకుంటాను. తెరిచి చూడకుండా చెత్త అనుకున్నాడు చూశారా, నాకు కాలింది అక్కడ. పైన వాడి పెళ్ళాం నిద్ర ఉంది, పిల్లల ముచ్చట్లు ఉన్నాయి, వాడి సొంత రాళ్ళున్నాయి. ఒక్కటి తెరిచినా తెలిసేది ఎవరు దాచారో, ఎందుకు దాచారో. ఇప్పుడు రాస్తుంటే కూడా కాలుతోంది.

మర్నాడు జిరాక్స్ షాపుకి వెళ్ళాను. ఆవిడా నేనూ కలిసి సింక్ ఆపేసి, ఆ అకౌంటు తీసేసి, పెన్‌డ్రైవులోంచి నావన్నీ తిరిగి తెచ్చుకున్నాం. 'అక్క' ఫోల్డరు కూడా జాగ్రత్త చేశాను.

9. నేను ఇక్కడికెలా వచ్చానన్నది.

ఊరి బస్సులు నాకు కొట్టిన పిండి. వాడి ఫోల్డర్లో ఉన్న హోములన్నీ నేనే తిరిగి చూసి వచ్చాను. 'ఎవరికోసం మేడం' అని అడిగినచోటల్లా 'మా అక్క కోసం' అన్నాను. వాడు 'భోజనం బాగుందట' అని రాసుకున్నచోట చారులో నీళ్ళు వేరు, పప్పు వేరు. 'వెంటనే ఖాళీ ఉంది' అని రాసుకున్నచోట అన్నీ ఖాళీయే, ఎందుకో లోపలికి అడుగుపెట్టగానే వాసన చెప్పింది. వాడు 'దూరం' అని వదిలేసిన చోటు నచ్చింది. కిటికీలోంచి బస్సులు కనిపిస్తాయి. నా పెన్షన్ పుస్తకం చూపించి నేనే గది మాట్లాడుకుని వచ్చి, వారం ముందు ఇంట్లో చెప్పాను.

వద్దంటారని అనుకోలేదు. ఒక్కసారి అని చూస్తారేమోననుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు, వాళ్ళు పెట్టలేదు. మరదలు మాత్రం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. తమ్ముడు నన్ను దింపి, గది చూసి, కిటికీ తీసి, 'ఇంత మంచి చోటు ఎలా పట్టుకున్నావక్కా!' అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. వెతకడం నా పని కదరా అన్నాను. వాడికి నాకు తెలుసని తెలియదు. ఇది చదివే రోజున తెలుస్తుంది. ఆ ఒక్కటీ వాడికి తెలియాలనే ఇంత రాశాను. మిగతావన్నీ పోయినా ఫరవాలేదు, ఈ ఒక్క అప్పగింత జరక్కుండా ఉండకూడదు.

10. తమ్ముడికి, ఎర్ర దారం కట్టినది.

ఇందులో రెండు ఫోల్డర్లున్నాయి. మొదటిది 'తమ్ముడి కిడ్నీ రాళ్ళు'. చెత్త అని పారేశావు, మళ్ళీ ఇస్తున్నాను. నీళ్ళు తాగు. షాపులో బాత్రూం దూరమని తాగడం మానేస్తావు, అదే నీ రోగం. నీ సీసా నేనే నింపి బ్యాగులో పెట్టేదాన్ని. నిండుగా తిరిగి వచ్చేది. మొక్కలకి పోసేదాన్ని.

రెండోది నువ్వు పెట్టుకున్న ఫోల్డరే. నీ సొత్తు నాకెందుకు. అయితే ఉన్నదున్నట్టు ఇవ్వడం నాకు చేతకాదు, కౌంటర్ బుద్ధి. ఈ రెండేళ్ళలో అందులో రెండు హోములు మూతపడ్డాయి, తీసేశాను. ఒకదాని చిరునామా మారితే కొత్తది పెట్టాను. నీ మోకాళ్ళు ఇప్పటికే మెట్లు ఒప్పుకోవడం లేదు, అందుకని లిఫ్టు లేనివి తీసేశాను. ఉప్పు, పాలకూర విడిగా చూసి వండే వంటిల్లున్నవే ఉంచాను. గదిలోంచి బాత్రూంకి ఎన్ని అడుగులో స్వయంగా నడిచి చూశాను, నీళ్ళు తాగడానికి నీకు సాకు దొరక్కుండా. అన్నిటికన్నా పైన ఉన్నది నేనున్నదే. వంటావిడ మంచిది. నా పేరు చెప్పు.

నీ పిల్లలు నీలాంటివాళ్ళని నేననడం లేదు. అడిగి చెప్తారో, చెప్పకుండా వెతుకుతారో నాకు తెలియదు. ఎప్పుడో ఒక పొద్దున కాఫీ తాగుతూ నీ అంతట నువ్వే కనుక్కోవాల్సి వస్తే ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని, అది నీకు జరగకూడదనే ఉంది నాకు. నీ మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. రెండూ ఉన్నాయి.

జిరాక్స్ ఆవిడకి మనవి. ఎర్ర దారం చివర్న విప్పండి. వీడు మడిచి జేబులో పెట్టుకుంటానంటే ఒప్పుకోకండి. ముగ్గురి ఎదుటా తెరిచి, ఫోల్డరు పేరుతో సహా పైకి చదవాలి. పైన 'అక్క' అని ఉంటుందనుకుంటాడు. ఆ పేరు తీసేశాను. 'తమ్ముడు' అని రాశాను. వాడు ఆ మాట చదివి వినిపించేదాకా నేను కుర్చీ దిగినట్టు కాదు.

పైన రాసినదంతా చదువుకుని, సరి చూసుకుని, కొట్టివేతలు లేవని నిర్ధారించుకుని చేవ్రాలు చేసినది.

తేదీ: జూన్ పద్నాలుగు, శనివారం, మధ్యాహ్నం భోజనాల తరవాత.

(సంతకం)
ఎంక్వైరీ అక్క

సాక్షులు:
1. పక్క గదిలో ఉంటున్న రిటైర్డు నర్సు. సంతకం చేస్తూ ఆమె ఏడ్చింది, కాగితం మీద ఆ మచ్చ ఆమెదే, నాది కాదు.
2. హోము గేటు దగ్గర కాపలా మనిషి. నేను నా చేత్తోనే రాస్తుండగా చూశానని చెప్పగలడు.